కార్డు మూలన అరవై రెండు

నిజ్వా
17 ఆగస్టు 1979

చెల్లెమ్మ జ్ఞానాంబకు, నీ అన్న ఏసుదానం వందనాలు.

ఇక్కడ నేనూ, మన మేరీకుమారీ, హార్మోనియమూ క్షేమం. హార్మోనియానికి మాత్రం ఈ ఒమాన్ ఎండకి ఒక మెట్టు బిగుసుకుపోయింది. దాన్ని వదులు చేయడానికి ఆసుపత్రి గ్లిజరిన్ రెండు చుక్కలు వాడాను. కాంపౌండరు ఉద్యోగంలో ఉన్న సుఖం అదొక్కటే. ఆ పెట్టెను నేను ఓడలో తెచ్చినప్పుడు మత్రా రేవులో కస్టమ్స్ ఆయన దాని కడుపులో ఏముందని అడిగితే గాలి అని చెప్పాను. ఆయన నమ్మక, అరగంట ఊదించి చూశాడు. అసలు సంగతికి వస్తాను.

అన్నయ్య పోయాక పాలకొల్లు వదిన తన కూతురి పెళ్లి మాట నీకూ నాకూ వదిలేసింది కదా. మేరీకుమారి ఇక్కడ నా కళ్లముందే నర్సు డ్యూటీ చేసుకుంటోంది. ఈస్టరుకి మేము రూవి వచ్చినప్పుడు ఆరాధనలో కనిపించిన ప్రేమచంద్ గుర్తున్నాడా? మీ వీధి చివర క్యాసెట్ల షాపులో పనిచేస్తాడే, ఆ పొడుగాటి అబ్బాయి. పోయిన వారం వాడు సరాసరి నిజ్వా వచ్చి పిల్లనివ్వమని అడిగాడు. అడిగిన తీరు బాగానే ఉంది గాని అప్పుడే నోరారా "మామయ్య గారూ" అన్నాడు. "ప్రస్తుతానికి మాస్టారూ అను, చాలు" అన్నాను.

పిల్లకి ఇష్టమే. నేను షరతు పెట్టాను. పిల్లకి ఉత్తరం రాయకూడదు, వారానికో కార్డు నా పేర రాయాలి. డిసెంబరులో పిల్ల సెలవు మీద ఇంటికి వెళ్లేలోపు అవునో కాదో చెబుతాను. నా మాట మీదే వదిన ప్రధానం పెట్టుకుంటుంది కాబట్టి తొందరపడదలుచుకోలేదు.

మొదటి కార్డు నిన్న వచ్చింది. రెండు ముక్కల్లో క్షేమం. కుడివైపు మూలన మాత్రం ఏముందనుకున్నావు? 62!

వాడి తాత మన సంఘంలో పాటలు పాడినవాడు, ఆ వాసన ఎక్కడికి పోతుంది? ఈ కాలం పిల్లలకి తెలియదు గాని, కార్డు మూలన పాట నంబరు వేయడమనే పద్ధతి మన నాన్నతో మొదలైంది. ఏ మనసుతో రాస్తున్నామో ఆ పాట నంబరు వేస్తే చాలు. వేసినవాడు దాని సంగతి నోటితో ఎత్తడు, అందుకున్నవాడు నోటితో అడగడు. పుస్తకం తీసి పాడుకుంటాడు. నాన్న కూర్చిన ఆరాధన పాటల పుస్తకంలో 62 పెళ్లి పాట. ఎంత మర్యాదగా అడిగాడో చూడు!

కార్డు రాగానే మేరీకుమారే తెచ్చిచ్చింది. ఇచ్చేముందు ఆ మూలన ఓసారి చూసుకుని కళ్లు మూసుకుంది. భక్తిగల పిల్ల.

నీ అన్న,
ఏసుదానం

తా.క.: కుర్రాణ్ణి ఓసారి చూసిరా. చూసినట్టు ఉండకూడదు.


రూవి
21 ఆగస్టు

అన్నయ్యకు జ్ఞానాంబ వందనాలు.

నీ ఉత్తరంలో సగం హార్మోనియం కడుపులోకే పోయింది. రెండో పేజీలో గాని పెళ్లి మాట రాలేదు. నాకిక్కడ వార్డులో మూడు షిఫ్టులు.

షాపుకి వెళ్లాను. టేపు రికార్డరుకి బ్యాటరీలు కావాలన్నాను. షాపు యజమాని ఎహసాన్ కరాచీ మనిషి, పెద్దమనిషే. షాపు నిండా ఇంగ్లీషు దొరలు, దొరసానులు. నీ ప్రేమచంద్ నన్ను చూసి "సిస్టర్ గారూ, కూర్చోండి" అని స్టూలు తుడిచాడు. తుడిచిన గుడ్డ స్టూలుకంటే మురికిగా ఉంది, అయినా తుడిచాడు. బ్యాటరీలు పెట్టి, పనిచేస్తున్నాయో లేదో చూసి మరీ ఇచ్చాడు. నాకు నచ్చాడు.

మేరీకుమారికి ఒక క్యాసెట్ ఇచ్చాడు. ఉత్తరం కాదు కాబట్టి మాస్టారి షరతు తప్పలేదంటాడు. పెట్టె తెరిచి చూశాను, చీటీ గీటీ లేదు. సంగీతమే కదా అని టాక్సీలో పంపుతున్నాను, నీ చెవిమందుతో పాటు.

ఇట్లు,
నీ చెల్లెలు

తా.క.: చూసినట్టు ఉండకూడదన్నావు. ఉండలేదు. బయటికొచ్చేటప్పుడు మాత్రం "మీ అమ్మగారికి షుగరు ఉందా" అని అడిగాను. అలవాటు.


నిజ్వా
31 ఆగస్టు

చెల్లెమ్మకు వందనాలు.

చెవిమందు అందింది. ఇప్పుడు బాగా వినబడుతోంది, వినకూడనివి కూడా. పక్కగది ఎక్స్‌రే ఆయన గురక అందులో ఒకటి. క్యాసెట్ కూడా అందింది. నేను వినలేదు. తలుపు అవతలినుంచి ఏదో నీళ్ల మోటారు పాడుతున్నట్టుంది.

జ్ఞానూ, నాకు మనసు బాగోలేదు. పోయిన వారం కార్డు మూలన 44. ఈ వారం 27. పుస్తకం నీ దగ్గర లేదు కాబట్టి చెబుతున్నాను. 44 సముద్రం దాటి వెళ్లిపోయేవాళ్లని సాగనంపే పాట. 27 జబ్బుమంచం పాట, "నా యెముకలు అరిగె" అని మొదలయ్యేది.

పెళ్లి అడిగినవాడు రెండోవారానికే ఎక్కడికో వెళ్లిపోతానంటాడేమిటి? మూడోవారానికి మంచమెక్కడమేమిటి? కార్డులో మాటలు మాత్రం "ఇక్కడ అంతా బాగుంది, వారం వారం ఇంకా బాగవుతోంది" అని. ఆ మాటలే నాకు అనుమానం. ముప్పై ఏళ్లుగా రోగుల్ని చూస్తున్నాను. బాగున్నవాడు బాగున్నానని ఇన్నిసార్లు చెప్పడు.

ఈ శుక్రవారం ఆరాధనలో 27 పాడించాను, వాడి కోసమని చెప్పకుండా. మేరీకుమారి ఏడుస్తుందనుకున్నాను. నవ్వుముఖంతో వాయించింది! పాపం, తెలియదు. చెప్పే ధైర్యం నాకు లేదు.

నువ్వు వెళ్లి నాడి చూసి రా.

దిగులుతో,
నీ అన్న

తా.క.: ఒక్క ఊరట. ఆరాధనకి జనం వచ్చి కూర్చునేదాకా మేరీకుమారి హార్మోనియం మీద కొత్తగా ఒక వరస వాయిస్తోంది. మాటలు లేవు, ఒట్టి రాగమే. ఎంత నిదానం, ఎంత గంభీరం! మన నాన్న కాలంనాటి దొరల రాగంలా ఉంది. అందరూ లేచి నిలబడుతున్నారు. మొదట నిలబడింది నేనే.


రూవి
4 సెప్టెంబరు

అన్నయ్యకు,

వెళ్లాను. నాడి చూశాను. నాడి గుర్రంలా ఉంది, జ్వరం లేదు. నాలుక చాపమన్నాను. షాపులో దొరసాని నిలబడి ఉన్నా, చాపాడు. విధేయుడే.

కానీ అన్నయ్యా, ఏదో ఉంది. నేను వెళ్లేసరికి చెవులకి రెండు డొప్పలు తగిలించుకుని, రేడియో మీద బోర్లా పడి, కళ్లు మూసుకుని కూర్చున్నాడు. మాట్లాడబోతే చెయ్యెత్తి ఆపాడు. ఉన్నట్టుండి గుండె మీద చెయ్యి వేసుకుని లేచి గోడ మీది నల్లబల్ల దగ్గరికి పరిగెత్తి ఒక నంబరు చెరిపి ఇంకోటి రాశాడు. "ఏం బాబూ?" అన్నాను. "ఈ మూడోసారి కూడా పోతే ఇక లేనట్టే సిస్టర్ గారూ" అన్నాడు, కళ్లనీళ్లతో.

ఎహసాన్‌ని పక్కకి పిలిచి అడిగితే, "క్యా బతావూఁ సిస్టర్‌జీ, లడ్కా అచ్ఛా హై, మగర్ ఇన్ దోనోఁ కే పీఛే పాగల్ హై" అని గోడమీద ఫొటో చూపించాడు. ఇద్దరు తెల్లకుర్రాళ్లు. సున్నం కొట్టినట్టు ముఖాలు. కళ్లకి కాటుక! మగవాళ్లన్నయ్యా, టైలు కట్టుకుని, కాటుక పెట్టుకుని, ఇస్త్రీబల్ల లాంటిదాని ముందు నిలబడి ఉన్నారు. నవ్వు లేదు. ఆ ఇద్దరి వెనకాల పడి మన కుర్రాడు పిచ్చివాడవుతున్నాడట.

వాళ్లెవరో, ఏ మతమో నాకు అర్థం కాలేదు. అడుగుదామంటే నా డ్యూటీ బస్సు వచ్చేసింది.

నీ చెల్లెలు

తా.క.: ఆ ఫొటో కింద చిన్న బల్బు వెలుగుతోంది. దేవుడి పటం కింద వెలిగినట్టు.


నిజ్వా
9 సెప్టెంబరు

చెల్లెమ్మకు,

అయిపోయింది. ఈ వారం కార్డు మూలన 13.

నాన్న పుస్తకంలో 13 పశ్చాత్తాపం పాట. దొంగసాక్ష్యం చెప్పినవాడూ, పరదేవతల్ని కొలిచినవాడూ రొమ్ము బాదుకునేది. నీ ఉత్తరం, ఆ కార్డు ఒకే పూట, పిల్ల డ్యూటీలో ఉండగా నా చేతికే అందాయి. కాటుక మనుషులు, దీపం, 13. వేలితో చూపించినట్టు ఒప్పుకున్నాడు, పాపం. ఒప్పుకున్నవాణ్ణి మెచ్చుకోవాలి. మెచ్చుకోవడం వేరు, పిల్లనివ్వడం వేరు.

నేను ఐదో తరగతి దాకా చదివి, మందుసీసాల మీది అక్షరాలతో ఇంగ్లీషు నేర్చుకున్నవాణ్ణి. "బాగా కదిపి తాగవలెను" అన్నదాన్ని మించి జీవితం గురించి నాకు తెలిసింది తక్కువ. అయినా అన్నయ్య బిడ్డని కాటుక దొరల దగ్గరికి పంపలేను.

ఒక కార్డు తీశాను. మాటలు రాస్తే మనసు నొచ్చుకుంటుంది. అందుకే మన పద్ధతిలోనే మూలన 70 అని వేసి, కింద సంతకం పెట్టాను. నీకు గుర్తుండే ఉంటుంది. సంబంధం కుదరనప్పుడు నాన్న వేసే నంబరు. "నీ దారి నీది, నా దారి నాది, ఇద్దరికీ ప్రభువు తోడు." రూవి వెళ్లే టాక్సీ డ్రైవరు చేతికిచ్చాను.

ఇచ్చి ఇంటికి వచ్చేసరికి మేరీకుమారి నాకు చొక్కా గుండీ కుడుతోంది. "బాబాయ్, ఈవారం కార్డు రాలేదా?" అంది. చెప్పులు కూడా సరిగ్గా వేసుకోకుండా టాక్సీల దగ్గరికి పరిగెత్తాను. అది అప్పటికే వెళ్లిపోయింది. ఒక కాలికి నాది, ఒక కాలికి ఎక్స్‌రే ఆయనది, ఆ చెప్పులతో రోడ్డు మీద నిలబడిపోయాను.

పిల్లకి ఇంకా చెప్పలేదు. ఎలా చెప్పాలో నువ్వు చెప్పు.

నీ అన్న

తా.క.: 13 ఉన్న కార్డు దాచేశాను. పిల్ల మూడుసార్లు అడిగింది. దాచిన చోటు నేనే మరిచిపోయాను. పిల్ల వెతుకుతోంది, నేనూ వెతుకుతున్నాను.


నిజ్వా
15 సెప్టెంబరు, అర్జంటు

జ్ఞానూ,

ఇది అందిన క్షణం డ్యూటీ వదిలేసి షాపుకి పరిగెత్తు. వందనాలు తర్వాత.

వాడి జవాబు వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను: "మీ కార్డు అందింది మాస్టారూ. నాకెంత మేలు చేశారో మీకు తెలియదు. వచ్చే వారంతో అంతా తేలిపోతుంది. నా కోసం ప్రార్థించండి." మూలన 8.

ఎనిమిది సమాధి దగ్గర పాడేది.

కాటుక పెట్టుకోనీ, జడ వేసుకోనీ, నాకు అభ్యంతరం లేదని చెప్పు. నేను ముసలివాణ్ణి, తొందరపడ్డానని చెప్పు. ఒంటరిగా ఉంచకు. అవసరమైతే నీ రూమ్‌కి తీసుకెళ్లి అన్నం పెట్టు.

ఏసుదానం

తా.క.: ఈ ఉత్తరం తెచ్చే డ్రైవరుకి స్పీడుగా వెళ్లమని చెప్పాను. వాడు ఎప్పుడూ వెళ్లేది అంతే.


రూవి
16 సెప్టెంబరు

అన్నయ్యకు నిండు వందనాలు. కూర్చుని చదువు. నీళ్లు దగ్గర పెట్టుకో.

ప్రేమచంద్ బతికే ఉన్నాడు. నేను యూనిఫారంతో, ఒక చేతిలో థర్మామీటరు పట్టుకుని షాపులోకి దూరితే దొరసానులు దారి ఇచ్చారు. వాడు కౌంటరు వెనక సమోసా తింటున్నాడు. నన్ను చూసి లేచి "సిస్టర్ గారూ, చూశారా!" అని గోడ చూపించాడు. కాటుక కుర్రాళ్ల ఫొటో పక్కన నువ్వు పంపిన 70 కార్డు. అంటించి పెట్టుకున్నాడు. చుట్టూ జిగేలు కాగితం కూడా.

"మాస్టారు కూడా వింటారని నాకు తెలియదండీ! ఆ కొండల్లో రేడియో పలకదు. ఎంత కష్టపడి విన్నారో! కాకపోతే డెబ్భై కాదు, ఎనిమిది. పెద్దాయన, సరిగ్గా వినబడి ఉండదు. సరైనది వేసి పంపాను" అన్నాడు.

నేను స్టూలు మీద కూలబడ్డాను. తుడవకుండానే.

విను. ఇంగ్లండులో ఏ పాట రికార్డులు ఎన్ని అమ్మాయో వారం వారం లెక్కేసి, డెబ్భై అయిదు పాటలకి వరస నంబర్లు ఇస్తారట. ఎక్కువ అమ్మినదానికి ఒకటి. లండన్ రేడియోలో చెబుతారు. ఈ షాపులో అది విని నల్లబల్ల మీద రాయడం ప్రేమచంద్ డ్యూటీ. ఊరికి దూరంగా ఉన్న దొరలు అది చూసే క్యాసెట్లు కొంటారు.

ఆ కాటుక కుర్రాళ్ల బ్యాండు పేరు సిల్వర్ కెటిల్. ఇంగ్లండులో ఉత్తరాన ఏదో మిల్లుల ఊరు వాళ్లది. గిటారు లేదు, డ్రమ్ము లేదు. ఆ ఇస్త్రీబల్ల సింథసైజర్ అట, కరెంటుతో పలికే హార్మోనియం అనుకో. మొదటి పాట బస్‌స్టాపు గురించి. ఏ నంబరూ రాలేదు. రెండోది తడిసిన కోటు గురించి. 74వ నంబరులో ఒక్కవారం నిలబడి మాయమైంది. మూడోది కూడా పోతే కంపెనీ వాళ్లని ఇంటికి పంపేస్తుందట. ఆ మూడోది "ఫ్రిజ్ లైట్". తలుపు వేశాక లోపల దీపం ఏమవుతుందని ఒక కుర్రాడు బెంగపడే పాట. నవ్వకు. వాడు నాకు వినిపిస్తే ఇంకోసారి వేయమన్నాను. అది ఎక్కిన మెట్లే మన కార్డులు: 62, 44, 27, 13, 8.

"మరి ఆ నంబర్లు మా అన్నయ్యకెందుకు రాశావు?" అన్నాను. చెవులు ఎర్రబడ్డాయి. "మాస్టారికి కాదండీ... మేరీకుమారికి. ఈస్టరప్పుడు షాపుకొచ్చి ఆ తడిసిన కోటు పాట మూడుసార్లు వేయించుకున్నారు. నిజ్వాలో రేడియో రాదు కదా, నంబరైనా తెలుస్తుందని. ఒక్క నంబరు ఉత్తరం కాదు కదండీ?"

తాత మన సంఘం మనిషే గాని వీడు పుట్టి పెరిగింది ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో. నాన్న పుస్తకం పేరే వినలేదు. "కార్డు మూలన పాట నంబరు వేసే పద్ధతి తెలుసా బాబూ?" అంటే "అదేనండీ నేను వేస్తున్నది" అన్నాడు.

నువ్వు సంబంధం వద్దన్న సంగతి వాడికి తెలియదు. వాడి దృష్టిలో, మాస్టారు సిల్వర్ కెటిల్ అభిమాని. 70 అంటే ఏమిటో చెప్పాలా, వద్దా? నువ్వు చెప్పేదాకా నోరు విప్పను.

నీ చెల్లెలు జ్ఞానాంబ

తా.క.: దీపం సంగతి కూడా అడిగాను. రేడియో ఆన్‌లో ఉందని చెప్పే బల్బట. నాడి మాత్రం ఇంకా గుర్రమే. మేరీకుమారి ఎలా ఉందని అడిగి చూశాను, డబుల్ అయింది.


నిజ్వా
22 సెప్టెంబరు

చెల్లెమ్మ జ్ఞానాంబకు, గుండె మళ్లీ చోటికి వచ్చిన అన్న ఏసుదానం వందనాలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివి, మంచం మీద వెల్లకిలా పడుకుని చాలాసేపు నవ్వాను. ఎక్స్‌రే ఆయన గోడ మీద కొట్టాడు. గురక పెట్టేవాడికి నవ్వు పడదు.

70 సంగతి చెప్పకు. ఎవరికీ అర్థం కాని "కాదు", కాదన్నట్టు లెక్క కాదు. ఆ జిగేలు కాగితం అలాగే ఉండనీ.

మేరీకుమారిని పిలిచాను. "ఫ్రిజ్‌లో దీపం తలుపు వేశాక ఏమవుతుందమ్మా?" అన్నాను. పిల్ల ముఖం పాలిపోయింది. "ఎవరు చెప్పారు బాబాయ్?" అంది. తర్వాత ఏడుపూ నవ్వూ కలిపి అంతా చెప్పింది. కార్డు మూలన చూసి కళ్లు మూసుకునేది భక్తితో కాదట, పాట ఇంకా పైకి పోవాలని మొక్కడానికట. ఆలోచిస్తే అదీ భక్తే. "మొదట్లోనే చెప్పొచ్చు కదే" అంటే, "మీరు 27 అని జబ్బుపాట పాడించినప్పుడు, నంబరు పైకొచ్చిన సంతోషంలో నాకు నవ్వు ఆగలేదు. ఆ నవ్వుముఖంతో ఏమని చెప్పను?" అంది.

ఇంతలో నిన్న మధ్యాహ్నం కార్డు వచ్చింది. ఇద్దరం కలిసి చూశాం. మూలన 1.

పిల్ల ఆసుపత్రి యూనిఫారంతోనే గంతులేసింది. నేను పుస్తకం తీశాను. తీయనక్కర్లేదు, ఒకటో పాట కంఠతా వచ్చు. ప్రధానం రోజున ఉంగరం తొడిగే ముందు పాడేది. నాన్న ఆ పుస్తకం కూర్చినప్పుడు ఏ పాట ముందు దొరికితే దాన్ని ముందు వేశాడు. ఒకటో చోట ఏది దొరకాలో అది దొరికింది. ఇంగ్లండు ప్రజలంతా డబ్బు పెట్టి రికార్డులు కొని, మన పిల్ల పెళ్లికి ఒప్పుకున్నట్టయింది. నేనొక్కణ్ణి కాదంటే బాగుంటుందా?

వదినకి రాశాను. డిసెంబరులో ప్రధానం. ప్రేమచంద్‌కి కూడా కార్డు రాశాను. ఈసారి మూలన ఏ నంబరూ వేయలేదు, మధ్యలో పెద్ద అక్షరాలతో మాటలే: "ఇకమీదట నన్ను మామయ్య గారూ అని రాయవచ్చు." దీన్ని ఏ రేడియో లెక్క అనుకుంటాడో చూస్తాను.

ఒక్క సంగతి మిగిలింది. మాట ఒప్పుకున్నాక, "ఇంతకీ ఆ పాట ఎలా ఉంటుంది, ఓసారి వినిపించు" అన్నాను మేరీకుమారిని. క్యాసెట్ కోసం లేవలేదు. తలదించుకుని హార్మోనియం దగ్గర కూర్చుని వాయించింది. జ్ఞానూ, నేను సగంలోనే లేచి నిలబడ్డాను. అలవాటు మీద! నెలరోజులుగా ఆరాధనకి ముందు నేనూ, డాక్టరు గారూ, నర్సులూ చేతులు కట్టుకుని నిలబడి విన్నది ఆ ఫ్రిజ్ లైటే.

"మానేయమంటారా బాబాయ్?" అంది.

"వద్దు. బిగుసుకున్న మెట్టు దగ్గర కాస్త చూసుకో" అన్నాను.

నిశ్చింతగా,
నీ అన్న ఏసుదానం

తా.క.: ఈ ఉత్తరం రాసి హార్మోనియం కింద పెట్టి, టపాలో వేయడం మరిచాను. వారం గడిచింది. డ్రైవరు చేత మంచిమాట ముందే చెప్పించాను కాబట్టి నువ్వు తిట్టుకుని ఉండవు. ఈలోగా మామయ్య గారికి అని కొత్త కార్డు వచ్చింది, మూలన 3. పాట దిగిపోయిందని మేరీకుమారి అన్నం సగంలో లేచింది. ఇక నంబరు చూసి పుస్తకం తీయకూడదని ఒట్టుపెట్టుకున్నాను. తీశాను. మూడోది చంటిబిడ్డ బాప్తిస్మానికి పాడే పాట. కుర్రాడికి చెప్పు, ముందు డిసెంబరు రానిమ్మని.